అలమార లేని యిల్లు

ఒక యింటిలోని పుస్తకము ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానము మిక్కిలి సులభమని తోచును. వెల యిచ్చి కొన్నవానిదే పుస్తకమని యెవరైనను చెప్పుదురు. న్యాయస్థానము వారును అట్లే చెప్పుదురు. కాని పుస్తకము తక్కిన వస్తువుల వంటిది కాదు. నేను తిన్న యన్నము మరియొకరికి దక్కదు. నేను కట్టిన బట్ట నాతోడనే చినిగిపోవును. నేను చదివిన పుస్తకము మాత్రము చదువక ముందెట్లుండెనో చదివిన పిమ్మటను అట్లే యుండి, మరియొకని కొరకు వేచియుండును. కావున ప్రతి పుస్తకమునకును ఇద్దరు చదువరులుందురు. ఒకడు దానిని కోరి తెచ్చుకొన్నవాడు. రెండవవాడు, అది యచ్చట నుండుటచేత చూచి, ఊరక తీసి, రెండు పుటలు త్రిప్పి, విడువలేక చదివినవాడు. మొదటివానిని గూర్చి పుస్తకములమ్మువారు రేయింబవళ్లు ఆలోచించుచుందురు. రెండవవానిని గూర్చి యాలోచించువారరుదు. ఈ వ్యాసము ఆ రెండవ చదువరిని గూర్చినది.

ఇప్పుడీ విచారము కలుగుటకు కారణము, కొన్ని సంవత్సరములుగా మన యిండ్లలో ప్రవేశించిన చదువుపలక. జనులు దీనిని కిండిలని పిలుచుచున్నారు. అది యొక కంపెనీవారు తమ పలకకు పెట్టుకొన్న పేరు; ఇతరులు చేసిన పలకలును గలవు. నేనిచ్చట పలక యనియే వ్రాసెదను. అక్షరాభ్యాసము నాడు మన చేతికి వచ్చిన వస్తువు పేరే దీనికిని సరిపోవుచున్నది. ఆ పలకపై మనము వ్రాసితిమి. ఈ పలకపై లోకములోని వారందరును మనకొరకు వ్రాయుచున్నారు.

దీని నిర్మాణము వింతయైనది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున జరిగిన పరిశోధన ఫలితముగా 1997లో ఈ-ఇంక్ అను కంపెనీ యేర్పడినది. వారు చేసిన తెరలో వెండ్రుక మందమంతటి చిన్న బుడ్డలు లక్షలకొలదిగ నుండును. ఒక్కొక్క బుడ్డలో తెల్లని రేణువులును నల్లని రేణువులును తేటద్రవములో తేలుచుండును. ఒకదానికి ధనవిద్యుత్తు, మరియొకదానికి ఋణవిద్యుత్తు ఉండును. తెర వెనుకనుండి విద్యుత్తు సోకగనే ఒక రంగు రేణువులు పైకి వచ్చును. తక్కినవి అడుగునకు పోవును. అక్షరమట్లేర్పడును. ఏర్పడిన యక్షరమును నిలుపుటకు మరల విద్యుత్తక్కరలేదు. పుట త్రిప్పినప్పుడు మాత్రమే వ్యయమగును. అందుచేతనే ఒకసారి చార్జి చేసిన పలక వారములకొలది పనిచేయుచున్నది. సెల్‌ఫోను తెరవలె ఇది ఎండలో మాసిపోదు. కాగితమువలె వెలుగు పడినకొలది స్పష్టమగును. ఇట్టి తెరతో 2004లో సోనీవారు జపానులో ఒక పలకను విక్రయించిరి. 2007 నవంబరు 19వ తేదీన అమెజానువారు తమ కిండిలును 399 డాలర్ల వెలకు అమెరికాలో విడుదల చేయగా, తయారుచేసియుంచిన పలకలన్నియు అయిదున్నర గంటలలో అమ్ముడు పోయినవి. 2022లో వచ్చిన సాధారణపు పలక బరువు 158 గ్రాములు. అందు వేలకొలది గ్రంథములు పట్టును.

మా కల్లూరు వంటి యూరికి ఇది యెంతటి ఉపకారమో పట్టణవాసులకు సులభముగా బోధపడదు. కల్లూరు, ఖమ్మమునుండి వైరా, తల్లాడల మీదుగా సత్తుపల్లికి పోవు బాటపై నున్నది. ఒక ప్రక్క సాగరు కాలువ నీటితో పండు పొలములు. ఈశాన్యముగా పోయినకొలది పొలములు తరిగి, అడవి పెరిగి, భద్రాచలపు దారి యగును. ఇచ్చట ఎరువుల దుకాణములు గలవు, విత్తనముల దుకాణములు గలవు, సెల్‌ఫోన్ల దుకాణములు గలవు. సాహిత్య గ్రంథము కావలెనన్నచో ఖమ్మమునకో విజయవాడకో పోవలయును. లేదా టపాలో తెప్పించుకొని దినములు లెక్కించుకొనుచుండవలయును. పలక గలవానికి ఈ బాధ లేదు. అర్ధరాత్రమున ఒక గ్రంథకర్త పేరు జ్ఞప్తికి వచ్చినచో, దీపము వెలిగించునంతలో ఆ గ్రంథము చేతికి వచ్చును.

నా చదువు వేళలను ఈ పలక మార్చివేసినది. తెల్లవారుజామున ఇంటివారు మేల్కొనక ముందొక గంట చదువుదును. పలకలోనే వెలుగున్నది గనుక దీపముచే నెవరికిని నిద్రాభంగము కాదు. ఖమ్మమునకు పోవు బస్సులో నిలుచుండియు ఒంటిచేత పట్టుకొని చదువుదును. సాయంకాలము కన్నులలసినప్పుడు అక్షరమును వేరుశనగ గింజంత చేసికొందును. ఏబదియేండ్లు దాటినవారికి ఈ యక్షరము పెద్దదగుట యెంతటి వరమో చెప్పనక్కరలేదు. చత్వారము వచ్చినదని చదువు మానివేసిన వృద్ధులను మన మందరమును ఎరుగుదుము. వారిలో కొందరు ఈ పలక చేతికి వచ్చిన పిమ్మట మరల చదువరులైరి. ఇంతటి మేలు చేసిన వస్తువును నిందించుట కృతఘ్నత యగును. నిందించుట నా యుద్దేశము కాదు.

మరియొక మేలు గలదు. అది స్త్రీలకు సంబంధించినది. ఇంటి పనుల నడుమ కోడలు నవల చదువుచున్నచో, ఆ నవల పేరేమి, అందేమున్నది, అది యిప్పుడేల యని ప్రశ్నించు ఇండ్లు నేటికిని లేకపోలేదు. పలకకు అట్ట యొక్కటే. భగవద్గీతకును అదే యట్ట, ప్రేమకథకును అదే యట్ట. ఆమె యేమి చదువుచున్నదో ఎదుటివారికి తెలియదు. తనకు నచ్చినది నచ్చినట్లు చదువుకొను స్వాతంత్ర్యము ఆమెకు ఈ విధముగ లభించుచున్నది. దీనిని తక్కువగ తలంపరాదు. పరులు చూడకుండ చదువుకొనగలుగుట మనస్సు స్వతంత్రముగ పెరుగుటకు మొదటి మెట్టు.

అయినను ఈ మేలులోనే, నేను చెప్పదలచిన నష్టమును దాగియున్నది. నేను కాగితపు పుస్తకము పట్టుకొని కూర్చున్నప్పుడు, ఇంటిలోని పిల్లవాడు దగ్గరకు వచ్చి, అట్టమీది బొమ్మ చూచి, “తాతయ్యా, ఏం చదువుతున్నావు?” అని యడుగును. పలక పట్టుకొని కూర్చున్నప్పుడు వాడే వచ్చి, “తాతయ్యా, ఏం చేస్తున్నావు?” అని యడుగును. ఈ రెండు ప్రశ్నలకును గల యంతరమును చదువరులు గమనింపవలయును. మొదటి ప్రశ్న పుస్తకమును గూర్చినది. రెండవ ప్రశ్న నన్ను గూర్చినది. పిల్లవాని కంటికి నేను చదువుచున్నానో, లెక్కలు చూచుకొనుచున్నానో, ఆటలాడుచున్నానో భేదము లేదు. పలకలో రెండు వందల గ్రంథములున్నవి. వాని దృష్టిలో ఇంట ఒక్క గ్రంథమును లేదు. నేను పలకను ప్రక్కన పెట్టి లేచిపోయినచో అది నల్లని బల్లముక్క. దానిపై నేమున్నదో అది తనంత తాను చెప్పదు. అలమారలోని పుస్తకము, యజమాని యూరికి పోయినను, వీపు చూపించుచు, పేరు చెప్పుచు, చూచినవారిని పిలుచుచునేయుండును.

ఈ పిలుపు గ్రంథాలయ శాస్త్రములోని యొక మూలసూత్రము. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నుండిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయములకు అయిదు సూత్రములను ప్రకటించిరి. అందు మూడవది, ప్రతి పుస్తకమునకును దాని చదువరి దొరకవలయునను భావము గలది. ఆ సూత్రము నెరవేరుటకు ముఖ్యమైన సాధనము తెరచిన బీరువాలని వారు బోధించిరి. చదువరి తానే బీరువాల నడుమ తిరుగుచు, వెదకుచున్న దానిని గాక, వెదకని దానిని కూడ చూడవలెననుట వారి మతము. వెదకినది దొరకుట చదువులో సగము మాత్రమే. వెదకనిది ఎదురగుట తక్కిన సగము. పలక మొదటి సగమును సంపూర్ణముగ నెరవేర్చుచున్నది. రెండవ సగమును పలకగల వానికి మాత్రము, అదియును అమ్మకపువారి సిఫారసుల మూలమున, కొంతవరకు నెరవేర్చుచున్నది. పలక లేనివానికి రెండునూ లేవు.

తెలుగు దేశమున చదువు వ్యాపించిన చరిత్రమంతయు ఈ రెండవ చదువరి చరిత్రమే. నిజాము రాష్ట్రమున ప్రభుత్వ భాష ఉర్దూ. పాఠశాలలలో తెలుగునకు చోటు స్వల్పము. అట్టి కాలమున 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు మొదలైనవారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర శాస్త్ర గ్రంథములను తెలుగున ప్రకటించిరి. నాడు ఖమ్మము, కల్లూరు మొదలగునవి నిజాము రాజ్యములోనివి. భద్రాచలము బ్రిటిషువారి మద్రాసు రాజధానిలోనిది. 1959లో మాత్రమే భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. ఇటువంటి సరిహద్దులలో తెలుగు పుస్తకము ప్రభుత్వముల మూలమున గాక, చేతినుండి చేతికి మారి వచ్చినది. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణము గారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. పడవ రేవున నిలుచువేళకు జనులు వచ్చి పుస్తకములు మార్చుకొని పోవుచుండిరి. ఎడ్లబండిమీదను, పడవమీదను, మనుష్యుల తలలమీదను పోయిన యా పుస్తకములలో ఒక్కొక్కటి ఎందరి చేతులలో నలిగెనో లెక్కపెట్టినవారు లేరు.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి జీవితము ఇందుకు చక్కని తార్కాణము. ఆయన 1915లో నల్లగొండ జిల్లాలో పేదయింట పుట్టెను. బాల్యమున ఒక యుపాధ్యాయుని యింట వంటపని చేయుచు, అచ్చటనే చదువు నేర్చుకొనెను. పిమ్మట 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఊరూరను తిరిగి యమ్మెను. జైలుకు పోయెను, నవలలు వ్రాసెను. ఇట్టివాడు చదువరి యెట్లయ్యెను? ఆయన పుస్తకములను కొనగల స్థితిలో పుట్టలేదు. చదువుగల యింట పనికి కుదురుటచేత చదువు కంటబడినది, చేతికందినది. ఆ యింటివారి చదువంతయు యజమాని దిండుక్రింద నుండు ఒక పలకలో, దానిని తెరచుటకు ఒక రహస్య సంఖ్యతో నుండియుండినచో, వంటపని చేయు బాలుని చేతికి అది వచ్చియుండునా? మన యిండ్లలో నేడు గిన్నెలు తోము బాలికను తలచుకొని ఈ ప్రశ్నకు ఎవరికివారే సమాధానము చెప్పుకొందురు గాక.

ఇది యూహమాత్రము కాదు. 2010లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 27 దేశములకు చెందిన 70,000 మందికి పైగా జనుల బాల్యమును పరీక్షించిరి. ఇంట అయిదు వందల పుస్తకములున్న పిల్లలు, పుస్తకములే లేని యిండ్ల పిల్లలకంటె సగటున మూడేండ్లకు పైగా అధికముగ చదువుకొనిరని తేలినది. తల్లిదండ్రుల చదువు, వృత్తి మొదలగువానిని లెక్కలోనికి తీసికొన్న పిమ్మటను ఈ భేదము నిలిచినది. పుస్తకములను ఇంట పేర్చినంత మాత్రమున పిల్లలు విద్వాంసులగుదురని దీని యర్థము కాదు. పుస్తకములున్న యింట వానిని గూర్చి మాటలాడువారుందురు. చదువు అచ్చట వింతవస్తువు గాక, ఉప్పు పప్పులవలె నిత్యవస్తువై యుండును. ఆ మాటలును ఆ పరిచయమును పుస్తకము కంటికి కనబడుటనుండి పుట్టుచున్నవి.

ఇచ్చట నాక్షేపించువారు కొందరుందురు. “అలమారలను మీరు మిక్కిలి పొగడుచున్నారు. ఎన్ని యిండ్లలో అలమారలకు తాళములు లేవు? ఎందరు పెద్దమనుష్యులు ఎన్నడును తెరువని బంగారుటక్షరముల సంపుటములను చావడిలో నునిచి అతిథులకు చూపలేదు? ఎన్ని కులములవారిని, ఎందరు స్త్రీలను పుస్తకమును తాకనీయలేదు?” అని వారడుగుదురు. ఈ యాక్షేపణము న్యాయమైనది. కొందరికి చదువే నిషిద్ధమని చెప్పిన దేశము మనది. తాళము వేసిన అలమారకును రహస్య సంఖ్య గల పలకకును ధర్మదృష్టిలో భేదము లేదు. కావున ఈ వివాదము కాగితమునకును పలకకును గాదు. తెరచిన చదువునకును మూసిన చదువునకును మాత్రమే. అలమార తాళమును తీయుమని మన పూర్వసంస్కర్తలు ఇంటి యజమానిని అడిగిరి. అతడు తలచుకొన్నచో తీయగలిగెను. తాళపుచెవి అతని మొలనే యుండెను. నేటి పలక తాళపుచెవి యెవరి మొలనున్నది? ఇదియే క్రొత్త ప్రశ్న.

కాగితపు పుస్తకమును కొన్నవాడు దానిని ఎరువీయవచ్చును, అమ్మవచ్చును, కుమార్తెకు అరణముగ నీయవచ్చును. 1908లో అమెరికా సుప్రీంకోర్టు, ఒకసారి అమ్మిన పుస్తకపు ప్రతిపై, అది మరల నే వెలకు అమ్ముడు పోవలెనో శాసించు నధికారము ప్రకాశకునకు లేదని తీర్పు చెప్పెను. మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమును, అప్పటికే లోకమున చెల్లుబాటులోనికి వచ్చిన ప్రతిని ఆ యధికారమునుండి తప్పించినది. కాని పలకలోని పుస్తకమును మనము కొనుట లేదు; చదువుకొను అనుమతిని మాత్రము కొనుచున్నాము. చదివిన యీ-పుస్తకమును మరల నమ్ముట కాగితపు పుస్తకమును అమ్ముటవంటిది కాదనియు, దానికి హక్కుదారుల అనుమతి యుండవలెననియు ఐరోపా న్యాయస్థానము 2019 డిసెంబరు 19న తీర్పు చెప్పినది. 2010 చివర అమెరికాలో అమెజానువారు ఎరువు పద్ధతి నొకదానిని పెట్టిరి. ప్రకాశకుడొప్పుకొన్న గ్రంథమును జీవితములో ఒక్కసారి, ఒక్కరికి, 14 దినములు ఎరువీయవచ్చునని యానాటి నియమము. ఆ దినములలో ఇచ్చినవాడు దానిని చదువరాకుండెను. పొరుగింటికి పంచదార బదులిచ్చుటకు కూడ ఇన్ని నిబంధనలుండవు.

2009 జూలైలో జరిగిన విషయమింకను విచారింపదగినది. జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు నవలలను, హక్కులేని ప్రకాశకుడు అమ్మకమునకు పెట్టెనని తెలియగా, అమెజానువారు వానిని కొన్నవారి పలకలనుండి వారి యనుమతి లేకయే తొలగించి వెల తిరిగి యిచ్చిరి. తొలగింపబడిన వానిలో నొకటి, ప్రభుత్వము పూర్వపు వ్రాతలను నిత్యము మాపివేయు లోకమును వర్ణించిన ‘1984’. ఆ కంపెనీ యధిపతి పిమ్మట క్షమాపణ చెప్పెను. క్షమాపణ చెప్పుట మంచిదే. కాని మన యింటి అలమారనుండి అర్ధరాత్రమున పుస్తకము తీసికొనిపోగల చేయి యొకటి యున్నదని ఆ సంఘటనచే లోకమునకు తెలిసినది. పైగా ఆ చేతికి కన్నులును గలవు. ఏ వాక్యముల క్రింద ఎక్కువమంది గీతలు గీసిరో 2010నుండి ఆ కంపెనీవారే పలకలలో చూపుచు వచ్చిరి. అత్తగారికి కనబడని కోడలి చదువు కంపెనీవారికి కనబడుచున్నది. ఆమెకు లభించిన స్వాతంత్ర్యము సత్యమే. దానికిచ్చిన వెలయును సత్యమే.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన కష్టమొకటి గలదు. 2016 డిసెంబరులో అమెజానువారు కిండిలు గ్రంథములను హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలలో ప్రారంభించిరి. ఆ యైదింటిలో తెలుగు లేదు. కోట్లకొలది జనులు మాటలాడు భాషకే ఇట్లు జరిగినచో, మా ప్రక్క అడవిలోని కోయవారి భాష గతి యేమి? అమ్మకపు లెక్కతో నడచు అలమారలో, అమ్ముడుపోని భాషకు గూడుండదు. అయినను మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2010లో కినిగె యను సంస్థ తెలుగు ఈ-పుస్తకముల కొరకే వెలసినది. చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున ఖ్యాతి గడించిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకములను అందరికిని ఉచితముగ నందింపవలెనని సంకల్పించిరి. ఆ కార్యములో హైదరాబాదులోని ట్రిపులైటీ వంటి సంస్థలు పాల్గొని, పాత తెలుగు గ్రంథములను వేలకొలది ఛాయాచిత్రములుగ తీసి భద్రపరచినవి. ఆరంగుళముల పలకపై ఆ ఛాయాచిత్రపు అక్షరములు చీమలవలె కనబడునన్నది నిజమే. అందుచేత తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద సేవకులు అట్టి పుటలను అక్షరమక్షరముగ మరల టైపుచేసి, పలకకు తగునట్లు సిద్ధము చేయుచున్నారు. వారికి జీతము లేదు. పడవపై పుస్తకములు పంచినవారికిని లాభము లేదు గదా.

ఇట్లు వెలువడిన పుస్తకములకు తాళము లేదు. మన చట్టము ప్రకారము గ్రంథకర్త గతించిన పిమ్మట 60 సంవత్సరములకు అతడు తన జీవితకాలమున ప్రకటించిన గ్రంథము ప్రజలదగును. ఆళ్వారుస్వామి గారు 1961లో గతించిరి. కావున ఆయన 1955లో ప్రకటించిన ‘ప్రజల మనిషి’ నవలను 2022 ఆరంభమునుండి ఎవరైనను అచ్చువేయవచ్చును, పలకలో నింపవచ్చును, పదిమందికి పంచవచ్చును. ఊరూరను పుస్తకములు మోసిన యాయన గ్రంథమును నేడు మోయుటకు బరువే లేదు. మోయువారే కావలయును.

కావున పలక గల గృహస్థులకును గృహిణులకును నేను మనవిచేయునది స్వల్పము. పలకను విడువనక్కరలేదు. పలకలోని చదువునకు ఇంటిలో ఒక కిటికీ తెరువవలయును. రాత్రి భోజనముల వేళ, ఆనాడు చదివినదేమో ఇంటివారికి నాలుగు మాటలలో చెప్పుట యొక కిటికీ. వారమున కొకసారి ఒక కథను పలకనుండి పైకి చదువుట యొక కిటికీ. చదువురాని ముసలమ్మయు, చదువు నేర్చుచున్న పిల్లవాడును, పనికి వచ్చిన బాలికయు అప్పుడొక్క వరుసలో కూర్చుందురు. దినమున ఒక గంట పలకను తాళము లేకుండ కూటము బల్లపై నుంచుట యొక కిటికీ. చదివినవానిలో, ఇది మరియొకరికి చెప్పవలసినదే యని మనస్సు పట్టుబట్టిన గ్రంథమును మాత్రము కాగితముపై కొని కంటబడుచోట నుంచవలయును. అట్టివి పదింట ఒకటి కూడ నుండవు గనుక వ్యయమునకు భయపడనక్కరలేదు. ఆ వ్యయమును భరింపలేనివారికి ఊరి గ్రంథాలయము గలదు. 1960 నాటి గ్రంథాలయ చట్టముచే, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఏర్పడినది. మనము వెల యిచ్చుచున్న అలమారలో నేమున్నదని పోయి చూచుట, లేనిదానిని తెప్పించుమని యడుగుట, మన హక్కు. ఇంకను చెప్పినచో మన విధి.

ఇది పలకగలవారి ఔదార్యమును గూర్చిన మాటయని యెవరైన తలంచినచో పొరపాటు. ఇది ఋణమును గూర్చిన మాట. తన జీవితములో మొదటి పుస్తకమును తానే యెంచి, తానే వెలయిచ్చి కొన్న మనుష్యుడు లోకమున లేడు. అది తండ్రిదో, అక్కదో, గురువుదో, పొరుగింటివారిదో. ఎవరో తమకొరకు తెచ్చుకొని యెచ్చటనో పెట్టి మరచిపోగా, మనము చూచి తీసికొన్నది. మన మందరమును మొదట రెండవ చదువరులముగనే ఈ లోకమున ప్రవేశించితిమి. మనకొరకు తెరచియుండిన యలమారను మన వెనుక వచ్చువారికి మూసివేయుట, పలక ఎంత తేలికయైనను, తేలికయైన విషయము కాదు.